హెడ్డు సారు గుంజ

మా వీధి మొగదల ఒక సిమెంటు గుంజ ఉంది. నడుము దగ్గర పొట్ట పెట్టుకుని, నెత్తిన కుండ బోర్లించుకుని, వెలిసిపోయిన గులాబీ రంగులో, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ఊరికి కొత్తగా ఎవరొచ్చినా ముందు దాన్ని చూస్తారు, తర్వాత నన్ను అడుగుతారు. అడిగితే కాదనే గుణం నాకు లేదు. దుబాయి నుంచి వచ్చిన మేనల్లుడి దోస్తుకు అది నిజాం కాలపు మైలురాయని చెప్పాను. ఓట్లడగడానికి వచ్చిన ఒక కుర్ర నాయకుడికి మొక్కులు తీర్చే దేవుడని చెబితే కొబ్బరికాయ కొట్టి పోయాడు. ఓడిపోయాడనుకోండి, అందులో గుంజ తప్పేమీ లేదు.

ఇవన్నీ వినీ వినీ మా ఇంటామె, "ఒక్కపారన్న నిజం చెప్పరాదా. ఆ సారు పైనుంచి వింటుంటె ఏమనుకుంటడు" అంది. ఏమనుకుంటాడో నాకు తెలుసు. కోతలు కోయడంలో ఆయన నాకు గురువు. అయినా ఇంటామె మాట మీద ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అక్కడక్కడ దారం కొంచెం సాగితే, నేతోళ్ళ ఇంట పుట్టినవాణ్ణి, మీరే సర్దుకోవాలి.

మాది సిరిసిల్లకూ ఎల్లంతకుంటకూ నడుమ ఉన్న ఊరు. సిరిసిల్లలో అప్పటికే మరమగ్గాలు టకటకలాడుతున్నా, మా వీధిలో మాత్రం చేతిమగ్గాలే ఉండేవి. నూలు చేతిమగ్గం మీదికి పోయేముందు ఒక తతంగం ఉంది. బట్టకు నిలువున వచ్చే దారాలను పడుగు అంటాం. ఆ పడుగును వీధి పొడవునా చాపి, రెండు కొసలూ గుంజలకు బిగించి, నడుమ నడుమ కర్రల మీద నిలబెట్టి, గంజి పూసి కుంచెలతో దువ్వాలి. గంజి ఆరేదాకా అది కదలకూడదు. ఒక్క మేక అందులోంచి ఉరికిందంటే ఇంటిల్లిపాది చాకిరీ మట్టిపాలే. అందుకని మాకొక కట్టుబాటు ఉండేది. వీధిలో పడుగు ఉంటే పెళ్ళి బరాత్ అయినా, పాడె అయినా పక్క గల్లీ నుంచి పోవాల్సిందే. ఒకసారి పెళ్ళికొడుకును గుర్రంతో సహా అట్లా తిప్పితే, గుర్రం దారి తప్పి వేరే పెళ్ళింట్లోకి పోయింది. అక్కడివాళ్ళు భోజనం పెట్టి పంపించారు. నేను కళ్ళారా చూశాను. సరే, విన్నాను.

అడవిలోని నక్సలైటు అన్నలూ, పోలీసులూ మా ఊళ్ళను రాత్రీ పగలూ పంచుకున్న కాలం అది. చీకట్లో వచ్చినవాళ్ళు, పగలు ఎవరికి ఛాయ పోశారని అడిగేవాళ్ళు. పగలు వచ్చినవాళ్ళు, చీకట్లో ఎవరికి అన్నం పెట్టారని అడిగేవాళ్ళు. ఇద్దరికీ మా ఊరు ఒకే జవాబు చెప్పేది: తెల్వది. మా దగ్గర పసిపిల్లలకు అమ్మ అనడం కంటే ముందు ఆ మాట వచ్చేది. అన్నలు తమలో చనిపోయినవాళ్ళ పేరిట ఎర్ర స్థూపాలు కట్టించేవాళ్ళు, పోలీసులు వచ్చి వాటిని కూలగొట్టించేవాళ్ళు. పోలీసుల గుర్తు ఏదైనా ఊళ్ళో లేస్తే అన్నలూ ఊరుకునేవాళ్ళు కాదు. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి, ముందు ముందు అక్కరకొస్తుంది.

అట్లాంటి రోజుల్లో మా స్టేషనుకు ఒక హెడ్ కానిస్టేబుల్ బదిలీ మీద వచ్చాడు. సొంతూరు వెల్గటూర్ దిక్కు. కోరుట్లలో కొన్నాళ్ళు, జగిత్యాలలో కొన్నాళ్ళు పనిచేశాడు. ఎక్కడికి పోయినా ముందు ఆయన పొట్ట చేరేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. గోదావరి ఒడ్డున పుట్టానని రోజూ చెప్పుకునేవాడు గానీ ఈత రాదు. అదేమని అడిగితే, "నాకు ఈతతోని ఏం పని. గోదాట్ల నీళ్ళు తక్కువైన యాడాది మా ఊరోళ్ళు నన్ను అందుల కూసోపెడుతుండె. నేను కూసోంగనే నీళ్ళు పొలాల దాక ఎక్కుతుండె" అన్నాడు. ఆ మాట విన్న రోజే నేను ఆయన శిష్యుణ్ణైపోయాను.

ఆయన మొదటిసారి మా ఊరికి వచ్చిన పొద్దున వీధిలో మా పెద్దమ్మ పడుగు చాపి ఉంది. మా అమ్మకు అక్క ఆమె. మొగుడు పోయినా మగ్గం ఆపని మనిషి. అంతకు ముందొకసారి ఏదో జీపు ఆమె పడుగులోంచి దూసుకుపోయింది. అప్పటి నుంచి ఖాకీ రంగు కనబడితే ఆమె కుంచె తిరగేసి పట్టుకునేది. ఈయన జీపు ఆపించి దిగాడు.

"అవ్వా, గీ దారాలకు అవుతలికి ఎట్ల పోవాలె?"

"వంగి పో. లేకుంటె ఎనుకకు పో."

ఆయన వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు, టోపీ సర్దుకుని వంగాడు. తల దాటింది, భుజాలు దాటాయి, పొట్ట దగ్గర పని ఆగిపోయింది. పెద్దమ్మ పడుగును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, "ఊపిరి బిగవట్టు కొడుకా. తెంపినవనుకో, నిన్నే మగ్గం మీద ఎక్కిస్త" అంది. బిగబట్టి దాటాడు గానీ టోపీ జారి గంజి కుండలో పడింది.

"పోనీలె, ఇస్త్రీ పని తప్పింది" అని పెద్దమ్మ దాన్ని తీసి ఎండలో పెట్టింది. ఆరాక అది ఎంత గట్టిపడిందంటే, బల్ల మీద పెడితే టంగుమని మోగేది. స్టేషనులో గంట చెడిపోయిన రోజు దాన్నే కొట్టారని అంటారు. అన్నది నేనే.

పై ఆఫీసర్లు ఆ రోజుల్లో ఊరూరా మైత్రి సంఘాలు పెట్టమన్నారు. పోలీసులూ ప్రజలూ కలిసి ఊరిని కాపాడుకోవాలట. సంఘంలో చేరమంటే ఎవరూ రాలేదు. హెడ్డు సారు ఒక సంచీ నిండా విజిళ్ళు తెచ్చి, "సంఘం గింఘం ఏం లేదు. దొంగొస్తె ఊదుర్రి, గంతే" అని పంచిపెట్టి, విజిల్ పట్టినవాళ్ళందరినీ సంఘం కింద రాసుకున్నాడు. దొంగ రాలేదు. వస్తాడేమోనని ఎదురుచూసి విసుగొచ్చి ఊరు వేరే పనులకు ఊదడం మొదలుపెట్టింది. బర్రె తప్పిపోతే విజిల్, అన్నానికి రమ్మని మొగుణ్ణి పిలవడానికి విజిల్, అత్త వస్తోందని కోడళ్ళకు విజిల్. మా ఊరి మీదుగా పోయే బస్సు కండక్టరుకు పిచ్చి లేచింది. ఆయన ఊదకముందే బస్సు ఆగేది, ఆయన ఊదితే కదిలేది కాదు.

మీటింగు రోజున సారు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఊళ్ళో ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు అని ఒక్కసారి అడిగేవాడు. "తెల్వది సార్" అని అందరం కలిసి బడిపిల్లల్లా అనేవాళ్ళం. "అచ్ఛా, ఇగ అసలు పని చెప్పుర్రి" అనేవాడు. అసలు పని అంటే కోళ్ళ కొట్లాటలు, గట్టు తగాదాలు, తాగి వచ్చి మగ్గం మీద పడుకున్నవాళ్ళ పంచాయితీలు. వాటిని ఆయన లాఠీ ముట్టకుండా తీర్చేవాడు. ఇద్దరు కొట్లాడి వస్తే నడుమ కూర్చుని, వాళ్ళ కొట్లాట కంటే పెద్ద అబద్ధం ఒకటి చెప్పేవాడు. ఆ అబద్ధాన్ని కాదనడానికి ఇద్దరూ ఒక్కటయ్యేవాళ్ళు.

ఇక పడుగు సంగతి. ఒక రోజు గంజి పచ్చిగా ఉండగానే గాలి లేచింది. వీధి మొగదల ఉన్న కట్టె గుంజ పుచ్చిపోయి ఉందేమో, ఫెళ్ళున విరిగింది. పడుగు నేలకు వాలబోయింది. అదే దారిలో సైకిలు మీద వస్తున్న సారు, సైకిలు వదిలేసి ఉరికొచ్చి, తాడు పట్టుకుని నడుముకు చుట్టుకున్నాడు. విరిగిన గుంజ జాగాలో కాళ్ళు రెండూ పాతుకుని నిలబడ్డాడు. కొద్దిగా ఎడమ పక్కకు ఒరిగి, పొట్ట ముందుకు పెట్టి.

"కదలకు కొడుకా" అంది పెద్దమ్మ.

"నేను కదిలితె నీ పడుగు పోతది, నువ్వు తిడితె నా ఇజ్జత్ పోతది. ఏడికి కదుల్త" అన్నాడు.

గంజి ఆరేదాకా నిలబడే ఉన్నాడు. మధ్యలో వైర్‌లెస్ సెట్టు గురగురమంది. ఎక్కడున్నావని స్టేషను నుంచి అడుగుతున్నారు. చేతులు ఖాళీ లేవు. నేను సెట్టు ఆయన నోటి దగ్గర పెట్టాను. "బందోబస్తుల ఉన్న సార్. జాగ ఇడిసిపెట్టి వచ్చేటట్టు లేదు" అన్నాడు. అవతలి సారు మెచ్చుకున్నాడు కూడా. ఆ పూట ఆయన ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి ఊరంతా వంతులు వేసుకుంది.

తర్వాత కొన్ని నెలలకు ఆయన పోయాడు. తోటి పోలీసు ఇంట్లో పెళ్ళని అతని డ్యూటీ తను తీసుకుని, అడవి దిక్కు పోయే జీపెక్కాడు. దారిలో మందుపాతర పేలింది. దీని మీద నా దగ్గర కోతలు లేవు. ఆ వారమంతా మా ఊళ్ళో ఒక్క విజిల్ కూడా మోగలేదు. బర్రెలు వాటంతట అవే ఇంటికి వచ్చాయి.

ఆయన ఇంటివాళ్ళు ఇంకా ఉంటున్న జగిత్యాలలో ఆయనకు సంతాప సభ పెడుతున్నారని తెలిసింది. ఊరు నుంచి ఎవరు పోవాలి? పోతే అన్నలు అడుగుతారు. పెద్దమ్మ కొంగు దోపుకుని, "నేను పోత. ఎవ్వలన్న అడిగితె నూలు కొన వొయ్యిందని చెప్పుర్రి" అంది. జగిత్యాలలో ఈమె కొనే నూలు దొరకదని అన్నలకు తెలియదు కదా. తోడుగా నన్ను పట్టుకుపోయింది.

సభలో ఫొటోకు దండలు వేశారు, బూరలు ఊదారు, తుపాకులు పైకెత్తి పేల్చారు. అయిపోయాక సారు భార్య ఒక మూల కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. పెద్దమ్మ పోయి పక్కన నిలబడింది.

"ఎవ్వలు అవ్వా నువ్వు?"

"పడుగుల అవ్వను బిడ్డా. సిరిసిల్ల దిక్కు."

"టోపీకి గంజి పెట్టిన అవ్వవా?" అని ఆమె ఏడుస్తూనే కొంచెం నవ్వింది. తర్వాత మెల్లగా అంది. "ఇన్నేండ్లు నౌకరి చేసిండు అవ్వా. కోరుట్లల కిరాయి ఇల్లు, గీడ సర్కారు క్వార్టరు. ఆ ఫొటోను గూడ పొద్దుగూకంగనే బీరువల పెడ్తరు. ఇగో, గీడ నిలవడ్డడు మా ఆయన అని చూపెట్టుకోను ఒక్క జాగ లేదు."

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎందుకు లేదు బిడ్డా. మా ఊళ్ళె కట్టినం."

నేను పెద్దమ్మ మొహం చూశాను. ఈ రోగం నాకు ఎవరి దిక్కు నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"నిజంగనా? ఏం కట్టిర్రు?"

"ఇప్పుడే చెప్తె ఏం బాగుంటది. వచ్చి చూడు."

"అయితె వచ్చే ఐతారం వస్త."

తిరుగు బస్సులో కూర్చున్నాక అడిగాను. "పెద్దమ్మా, మనం ఏం కట్టినం?"

"నాకేం తెలుసురా. ఐతారం దాక టైమున్నది కద." మల్యాల దాటుతుంటే కొండగట్టు ఆంజనేయుడి గుడి దిక్కు తిరిగి దండం పెట్టుకుంది. "అంజన్నా, నా అబద్ధాన్ని నిజం చెయ్యి, కొబ్బరికాయ కొడ్త." పక్క సీటాయన మాకు కొంచెం దూరం జరిగాడు.

ఊరికి వచ్చి సంఘాన్ని కూర్చోబెట్టింది. అందరూ సారు కోసం ఏదైనా చేద్దామన్నవాళ్ళే, అందరూ భయపడేవాళ్ళే. పోలీసు బొమ్మ పెడితే అన్నలు ఊరుకోరు. ఒకాయన చెట్టు నాటుదామన్నాడు. "మేకలు తింటయి. సారును మేకలకు మేపుతమా" అంది పెద్దమ్మ. ఇంకొకాయన కొత్త బోరుకు సారు పేరు పెడదామన్నాడు. ఎండాకాలం వస్తే సారు ఎండిపోయాడని అనాల్సి వస్తుందని అదీ వద్దనుకున్నాం. ఒక పెద్దమనిషి తన దున్నపోతుకు ఆ పేరు పెట్టుకుంటానన్నాడు. ప్రేమతోనే అన్నాడు గానీ ఆయన్ని మాట్లాడవద్దని చెప్పాం.

చివరికి తేల్చింది ఇది. విరిగిన గుంజ జాగాలో చిన్న గద్దె కట్టాలి. పేరు రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, శనివారానికల్లా అయిపోవాలి. సారు భార్యకు మాత్రం చెవిలో చెబుతాం.

పక్క ఊరి మేస్త్రిని పిలిచాం. చుట్టుపట్ల ఊళ్ళలో ఎర్ర స్థూపాలన్నీ ఆయన చేతివే. పోలీసులు వాటిని కూలగొట్టేటప్పుడు కూడా ఆయన్నే తీసుకుపోయేవాళ్ళు, ఎక్కడ కొడితే పడుతుందో ఆయనకొక్కడికే తెలుసని. పెద్దమ్మ ఆయన్ని పక్కకు తీసుకుపోయి, "మంచి మనిషి పోయిండు. యాదికి ఒక గద్దె కట్టాలె. ఎవ్వలు, ఏంది అని అడుగకు. పేరు వద్దు. జల్ది కావాలె" అంది. మేస్త్రి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సమజైందమ్మా" అన్నాడు. ఏం సమజైందో మేము అడగలేదు.

శుక్రవారం సాయంత్రానికి గద్దె లేచింది, మెట్లతో సహా. పొద్దున పూతపని చేస్తే చాలు. అంజన్నకు బాకీ ఉండకూడదని శనివారం తెల్లవారగానే పెద్దమ్మ సంఘాన్నంతా కొండగట్టుకు తీసుకుపోయింది. కొబ్బరికాయ కొట్టి, పులిహోర తిని, పొద్దు వాలేవేళకు బస్సులో ఊరు చేరాం. చేరాం అంటే, బస్సు మా స్టేజీ దగ్గర మెల్లగా అయింది, డ్రైవరు కిటికీలోంచి ఏదో చూశాడు, ఒక్కసారిగా ఉరికించాడు. పక్క ఊళ్ళో దించి, "మీ ఊళ్ళె నేను ఆపను. పిల్లలు గలోన్ని" అన్నాడు.

నడిచి వచ్చి చూస్తే గద్దె మీద ఎర్ర స్థూపం నిలబడి ఉంది. కింద వెడల్పు, పైకి పోను పోను సన్నం, కొసన సూది. పక్కనే మేస్త్రి చేతులు కడుక్కుంటూ, బహుమతి గెలిచినవాడిలా నవ్వుతున్నాడు.

"గద్దె కట్టమంటె గిదేందయ్యా?" అంది పెద్దమ్మ.

"మీరు ఎవ్వలకు చెప్పద్దంటిరి, పేరు వద్దంటిరి, జల్ది కావాలంటిరి. గట్ల చెప్పేటోళ్ళు గవ్వే కట్టిపిస్తరమ్మా. నోరు తెరిచి అడుగ భయపడుతున్నరనుకున్న. నేనే మనసు పెద్దగ చేసుకొని కట్టిన."

"పోయింది పోలీసాయన."

మేస్త్రి చేతులు కడగడం ఆపేశాడు. "ముందుగాల చెప్పద్దా."

"చెప్పద్దనే కద చెప్పలేదు. కూలగొట్టు."

"పడదమ్మా. నాకే నాలుగు దినాలు పడ్తయి. పోలీసోళ్ళు నన్నే పిలుస్తరు కద కూలగొట్ట, అందుకని గట్టిగనే కడ్త. జల్ది కూలితె నా పేరు ఖరాబైతది."

తెల్లవారితే సారు భార్య వస్తుంది. ఆమె రాకకు బందోబస్తుగా కొత్త ఎస్సై కూడా వస్తున్నాడని కబురు అందింది. ఆయన ఈ ఎర్రదాన్ని చూస్తే ఊరు ఊరంతా జీపెక్కాలి. ఇది పోలీసాయన కోసమని బయటపడితే అన్నలకు జవాబు చెప్పాలి. ఆ తల్లికి మాత్రం చూపించడానికి ఏమీ మిగలదు.

చీకటి పడేలోపు చేయగలిగింది చేశాం. ఎరుపు కనబడకూడదని సున్నం కొట్టాం. రెండూ కలిసి గులాబీ రంగైంది. ఆ రంగుకు అప్పటికింకా ఏ పార్టీ లేదు కాబట్టి వదిలేశాం. మేస్త్రి తల గోక్కుని, "పైకి సన్నగ పోతె స్థూపం. నడుమల లావు జేస్తె గుంజ" అని మిగిలిన సిమెంటంతా నడుముకు పట్టించాడు. అది మెల్లగా కిందికి జారి ఒక దగ్గర ఆగింది. కొసన ఉన్న సూదిని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ ఇంట్లోకి పోయి గంజి కుండ తెచ్చి బోర్లించింది.

ఆదివారం పొద్దు పొడవగానే పడుగు బయటికి తీసింది. ఒక కొస పాత గుంజకూ, రెండో కొస ఈ కొత్తదాని నడుముకూ బిగించి గంజి పూయడం మొదలుపెట్టింది. "పడుగు కట్టినంక ఎవ్వడన్న ముట్టుకుంటె చూస్త" అంది.

ఎస్సై జీపు పడుగు ముందు ఆగింది. కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. హోదాలో పెద్దే అయినా హెడ్డు సారు దగ్గర కొన్ని నెలలే పని నేర్చుకున్నాడు, కానీ బాగా నేర్చుకున్నాడు. చేతిలో పూలదండ ఉంది. దిగి మమ్మల్ని చూశాడు.

"హెడ్డుకు ఏదో కట్టిర్రట. ఏది?"

"తెల్వది సార్" అని సంఘమంతా ఒక్క గొంతుతో అనేసింది. అలవాటు.

ఆయన చూపు మెల్లగా గులాబీ రంగు మీదికి పోయింది. "గిదేంది?"

"పడుగు సారూ" అంది పెద్దమ్మ, కుంచె ఆపకుండా.

"పడుగు సరె. దేనికి కట్టినవ్?"

"గుంజకు."

"గులాబీ రంగు గుంజనా?"

"దూరం నుంచే కనవడాలె కద. లేకుంటె జీపులు మీదికొస్తున్నయి."

"మెట్లెందుకు?"

"నేను పొట్టిదాన్ని. ముడి అందాలె."

"మీద కుండ?"

"దిష్టికి."

ఎస్సై దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. గోరుతో గీకితే సున్నం కింద ఎరుపు కనబడింది. మేస్త్రి నా వెనక దాక్కున్నాడు, నేను ఇంకెవరి వెనకో దాక్కున్నాను. "అవ్వా, గిట్లాంటియి నేను చానా కూలగొట్టిపిచ్చిన" అన్నాడాయన.

"గవ్వి వేరే సారూ. వాటికి ఎవ్వలన్న పడుగు కడ్తరా?" అంది. గొంతు గట్టిగానే ఉంది గానీ కుంచె దువ్విన చోటే దువ్వుతోంది.

అప్పుడే బస్సు ఆగింది. డ్రైవరు మారినట్టున్నాడు. సారు భార్య దిగి నడిచి వచ్చింది. పడుగు కనబడగానే ఆగి, ఎవరూ చెప్పకుండానే చీర చెంగు దగ్గరికి తీసుకుని, వంగి, ఒక్క దారం తగలకుండా ఇవతలికి వచ్చింది. ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో.

"ఏదవ్వా, కట్టినమంటివి?"

పెద్దమ్మ కుంచె దించింది. ఎస్సై ముందు నిజం చెబితే ఒక తంటా, అబద్ధం చెబితే ఈమెకు అన్యాయం. మా పెద్దమ్మకు మాట తడబడడం నేను చూసింది ఆ ఒక్కసారే. "అది బిడ్డా… ఏందంటె…"

ఆమె అప్పటికే చూస్తోంది. గద్దె నుంచి కుండ దాకా చూసింది, కుండ నుంచి కిందికి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాం. కొంగు తీస్తే నవ్వుతోంది.

"అవ్వా, పొట్ట గూడ పెట్టిర్రా?"

మేమందరం తిరిగి చూశాం. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా మాలో ఒక్కరికీ కనబడలేదు. జారి ఆగిన సిమెంటు సరిగ్గా బెల్టు ఉండాల్సిన చోట పొట్టైంది. గంజి కుండ టోపీ అయింది. మేస్త్రి కంగారులో ఒక పక్క ఎక్కువ పట్టించినందుకు మొత్తం కొద్దిగా ఎడమకు ఒరిగింది. నడుముకు తాడు చుట్టుకుని, పడుగు లాగి పట్టుకుని, గాలి లేచిన రోజు ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడి ఉన్నాడు హెడ్డు సారు.

"ఆనాడు గుంజ ఇరిగితె మీ ఆయన ఈడనే గుంజ లెక్క నిలవడ్డడు బిడ్డా. గంజి ఆరేదాక కదలలే" అంది పెద్దమ్మ. ఆ మాటకు ఎక్కడా సాగదీయాల్సిన పని లేదు.

"నాకు చెప్పిండు అవ్వా. నేనే నమ్మలే. కోతలనుకున్న." ఆమె పోయి ఆ సిమెంటు పొట్ట మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. "గీడ నిలవడ్డడు" అంది, తనకు తానే.

ఎస్సై ఇటు తిరిగి టోపీ సర్దుకున్నాడు. మెట్లెక్కి దండ కుండకు వేసి, దిగి, కాళ్ళు దగ్గర పెట్టి సెల్యూట్ కొట్టాడు. మాకు తుపాకులు లేవు. ఎవడు మొదలుపెట్టాడో తెలియదు, ఒక విజిల్ మోగింది, తర్వాత ఊళ్ళో ఉన్న విజిళ్ళన్నీ మోగాయి. బర్రెలు బెదిరి కట్లు తెంపుకున్నాయి. బస్సు అటు కదలబోయి ఆగిపోయింది.

పోయేముందు ఎస్సై దండ తీసి జీపులో పెట్టుకున్నాడు. "ఇది ఈడ ఉంటె మీకు పరేషాన్. నేను ఈ ఊళ్ళె గుంజ తప్ప ఏం చూడలే" అన్నాడు. తర్వాత పడుగు కింద వంగి, ఇవతలి నుంచి అవతలికి పోయాడు. సన్నటి మనిషి, సులువుగా దాటాడు.

కొన్నాళ్ళకు దీపాలు పెట్టే వేళ అన్నలు వచ్చారు. ఇదేందని అడిగారు. గుంజ అంది పెద్దమ్మ. రంగేంది, మెట్లేంది, కుండేంది అని అవే ప్రశ్నలు అదే వరసలో అడిగారు. పోలీసులూ అన్నలూ ఒకే బడిలో చదివారేమోనని నాకు అనుమానం. అవే జవాబులు చెప్పింది. వాళ్ళలో ఒక పిల్లగాడు దాన్ని తేరిపారా చూసి, "ఎవ్వలనో చూసినట్టే ఉన్నది" అన్నాడు. "నీ మేనమామ గావచ్చు" అంది. వాళ్ళు నవ్వి, వంగి, పడుగు కింద నుంచి పోయారు.

ఇప్పుడు పెద్దమ్మ లేదు, మా వీధిలో చేతిమగ్గాలూ లేవు. సారు భార్య మాత్రం ఏటా వెల్గటూర్ నుంచి వచ్చి, కుండ తుడిచి, కాసేపు గద్దె మీద కూర్చుని, మా ఇంట్లో ఛాయ తాగి పోతుంది. ఈ మధ్య రోడ్డు వెడల్పు చేస్తామని, గుంజ అడ్డమని చెప్పారు. కాగితాల మీద దానికి ఏ పేరూ లేదు కాబట్టి మేము ఏం చెప్పినా ఎక్కలేదు. జేసీబీ వచ్చే పొద్దున నేను అటక మీది నుంచి పెద్దమ్మ నాటి పాత పడుగు దించాను. ఎలుకలు కొట్టినవి పోను మిగిలింది వీధికి అడ్డంగా చాపి, ఒక కొస మా కరెంటు స్తంభానికీ, ఇంకో కొస సారు నడుముకూ బిగించాను. మా ఇంటామె అన్నం గంజి తెచ్చి ఇచ్చింది. పాతకాలపు ముసలివాళ్ళు నలుగురు కుంచెల్లేక చీపుళ్ళు పట్టుకుని వచ్చారు.

జేసీబీ డ్రైవరు పడుచు పిల్లగాడు, పడుగును ఎన్నడూ చూడనివాడు. ఆ దారాలూ, చీపుళ్ళూ చూసి బండి ఆపి తల బయట పెట్టాడు.

"గిదేంది కాకా? అవుతలికి ఎట్ల పోవాలె?"

ఆ ప్రశ్న మళ్ళీ వింటానని నేను అనుకోలేదు. గంజి కుండ కింద పెట్టి చెప్పాను.

"వంగి పో. లేకుంటె ఎనుకకు పో."

జేసీబీకి వంగడం రాదు. వెనకకు పోయింది.